లంద నుంచి ల్యాబ్ దాకా: మానని కాలి పుండు చరిత్రలో మన చెయ్యి



ఈ వరుసలో ఇప్పటిదాకా భూమి గురించి, హాస్టళ్ల గురించి, డప్పు గురించి రాసుకున్నాం. ఈసారి ఒక పుండు గురించి రాస్తున్న. పుండుకు కూడా చరిత్ర ఉంటదా అని నవ్వకండి. కొంచెం ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ముఖ్యంగా మెడికల్, నర్సింగ్, ఫార్మసీ చదువుతున్న మన పిల్లలు చదవాలి.

మా పెద్దమ్మ ఎడమకాలికి, చీలమండ పైన లోపలివైపు, తొమ్మిదేండ్లు ఒక పుండు ఉండేది. అరచేయి అంత పుండు. జనగామ పక్క ఊరు మాది. పొద్దుగాల పెద్దోళ్ల వాకిళ్లు ఊడ్చేది. నాట్ల కాలంలో బురదలో వంగేది. మిగతా దినాలు హోటల్ల గిన్నెలు తోముతూ నిలబడేది. ఆమె జీవితంలో కూర్చున్న గంటల కంటే నిలబడ్డ గంటలే ఎక్కువ. పుండు కారేది, వాసన వచ్చేది. పెండ్లికి పోతే బంతిలో ఆమె పక్కన ఎవరూ కూర్చునేటోళ్లు కాదు. ఊరు దూరం పెట్టడం ఆమెకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. కానీ సొంత వాడ దూరం పెట్టడం ఆమెను తినేసింది.

"ఇది నాతోనే కాటికి వస్తది బిడ్డా" అనేది.

తొమ్మిదేండ్లలో ఆమె తినని గోళీ లేదు, పుయ్యని పూత లేదు. షుగర్ పుండు అన్నరు, పరీక్ష చేస్తే షుగర్ లేదు. చేతబడి అని ఒకరన్నరు. యాంటీబయాటిక్ మార్చి మార్చి రాసిచ్చిన్రు. చివరికి ఒక నర్సమ్మ పాదం మీద నాడి చూసి, ఉబ్బిన నరాలు చూసి, పుండు కడిగి, వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది దాకా పొరలు పొరలుగా బిగువుగా కట్టు కట్టింది. వారం వారం విప్పి మళ్లీ కట్టింది. నాలుగు నెలల్లో పుండు మూసుకుంది.

ఆ రోజు నాకు సంతోషం కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఇంత సాదా కట్టు ఎప్పటి నుంచి ఉన్నది? ఉంటే తొమ్మిదేండ్లు మా పెద్దమ్మ దాకా ఎందుకు రాలేదు? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల వెంట నడిచిన నడక.

పుండు ఎక్కడిది?

ముందు రోగం సంగతి. గుండె పంపిన రక్తం పాదాల దాకా దిగుతది. అది మళ్లీ పైకి ఎక్కాలి. ఎక్కించేది పిక్క కండరం. నడిచినప్పుడల్లా పిక్క బిగుసుకొని సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తది. తోసిన రక్తం కిందికి జారకుండా సిరల లోపల చిన్న చిన్న తలుపులు ఉంటయి, వాటిని కవాటాలు అంటరు. మనిషి కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటది. నడిస్తే ఆరోగ్యంగా ఉన్న కాలిలో అది 30కి అటూ ఇటూ పడిపోతది. కవాటాలు పాడైతే నడిచినా పడిపోదు. రక్తం నిలిచి, సిరలు ఉబ్బి, కాలు వాచి, చర్మం నల్లబడి గట్టిపడుతది. ఆ మీద ఒక దోమ కుట్టినా, ముల్లు గీసుకున్నా పుండు పడి మానదు. దీన్నే సిరల పుండు అంటరు, డాక్టర్ల భాషలో వీనస్ అల్సర్.

అంటే రోగం పుండులో లేదు, పుండు వెనకున్న ఒత్తిడిలో ఉన్నది. పూతలు పుండుకు రాస్తరు. కట్టు ఆ ఒత్తిడి మీద పనిచేస్తది. బయటి నుంచి బిగించి, సిరను సన్నం చేసి, రక్తాన్ని పైకి పంపుతది.

వంశంలో ఉండటం, ఎక్కువ కాన్పులు, బరువు, పాత కాలి దెబ్బ, సిరలో రక్తం గడ్డకట్టడం, ఇవన్నీ కారణాలే. గంటల తరబడి నిలబడే పని కూడా ఒక కారణం. మానుకోట మిర్చి యార్డులో హమాలీ, భూపాలపల్లి సింగరేణిలో కాంట్రాక్టు కార్మికుడు, జనగామ బస్టాండు ఊడ్చే మున్సిపల్ కార్మికురాలు: నిలబడే పనులు ఎవరికి దక్కినయో, కూర్చునే పనులు ఎవరికి దక్కినయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

తోలు మేజోడు

ఇప్పుడు చరిత్ర. 1628లో ఇంగ్లాండులో విలియం హార్వే రక్తం ఒంట్లో చుట్టూ తిరుగుతదని పుస్తకం రాసిండు. సిరల్లోని కవాటాలు రక్తాన్ని ఒక్క దిక్కుకే పోనిస్తయని చూపిండు. ఆ తర్వాత దాదాపు యాభై ఏండ్లకు, 1676లో, రాజు దగ్గర పనిచేసిన సర్జన్ రిచర్డ్ వైజ్‌మన్ తన శస్త్రచికిత్స పుస్తకంలో ఉబ్బిన సిరలకూ కాలి పుండుకూ ఉన్న సంబంధం రాసిండు. ఆయన కాలికి తొడిగించింది ఏందో తెలుసా? తోలుతో చేసి, తాళ్లతో బిగించే మేజోడు. ఇవాళ మెడికల్ షాపుల్లో అమ్మే బిగుతు మేజోళ్లకు అది ముత్తాత.

19వ శతాబ్దం చివర జర్మనీలో, హాంబర్గ్‌లో, పాల్ ఉన్నా అనే చర్మవైద్యుడు ఇంకో కట్టు తెచ్చిండు. జింక్ ఆక్సైడు, గ్లిజరిన్, జెలటిన్ కలిపిన లేపనాన్ని గుడ్డకు పట్టించి కాలికి చుడితే అది ఆరి బూటు లెక్క గట్టిపడుతది. ఉన్నా బూట్ అని దానికి ఇప్పటికీ పేరు. అందులో జెలటిన్ ఎక్కడిది? పశువుల తోలు, ఎముకలు ఉడకబెడితే వచ్చేదే జెలటిన్.

ఈ రెండు పేర్లూ చదివినప్పుడు నాకు మా తాత లంద యాదికొచ్చింది.

వాడ చివర లంద ఉండేది. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో వారాల తరబడి ఊరేసేటోళ్లు. ఆ తంగేడు పువ్వు ఇవాళ మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మ మీద రాణి. దాని చెక్క మాత్రం లంద దగ్గరే ఉండిపోయింది. మద్రాసు రేవు నుంచి బ్రిటన్‌కు పోయిన తోళ్లు కూడా ఈ చెక్కతో ఊరినయే. ఊరికి చెప్పులు, మోటకు తొండం, ఎడ్లకు పట్టెడలు, పండుగకు డప్పు, అన్నీ లంద నుంచే వచ్చినయి. లంద వాసన మాత్రం మాకు మిగిలింది. ఆ వాసనే మమ్మల్ని దూరం పెట్టడానికి సాకు అయింది. పుండు వాసన మా పెద్దమ్మను దూరం పెట్టినట్టే.

లందలో జరిగేది రసాయనశాస్త్రం. తోలులో ఉన్న అసలు సరుకు కొల్లాజెన్ అనే ప్రోటీన్. సున్నం వెంట్రుకను వదిలిస్తది. తంగేడు చెక్కలోని టానిన్ కొల్లాజెన్ పోగులను పట్టి బంధించి కుళ్లకుండా చేస్తది. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఈ కొల్లాజెన్ మూడు పేటలుగా పెనవేసుకున్న తాడు లెక్క ఉంటదని లోకానికి చూపిన్రు. మా తాతకు ఆ బొమ్మ తెలియదు. ఆ తాడును ఎట్ల పదును పెట్టాలో ఆయన చేతికి తెలుసు. ఆయన్ని ఎవరూ శాస్త్రవేత్త అనలేదు.

అడయార్‌లో మన తోలు

1948లో మద్రాసు అడయార్‌లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ మొదలైంది. సి.ఎల్.ఆర్.ఐ. అంటరు. 1958 నుంచి 1971 దాకా దాన్ని నడిపింది మన తెలుగాయనే, తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. ఆ తర్వాత సి.ఎస్.ఐ.ఆర్. పరిశోధనశాలలన్నింటికీ డైరెక్టర్ జనరల్ అయిండు. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలుడులో చనిపోయిండు. అంటరాని పని అని లోకం ముక్కు మూసుకున్న తోలును ఆయన విశ్వవిద్యాలయ విషయం చేసిండు, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. తోలు శాస్త్రమైంది. తోలు పని చేసిన మనిషి శాస్త్రవేత్త అయిండా?

ఆ సంస్థలో తోలు మీద చేసిన పరిశోధన చెప్పుల దగ్గర ఆగలేదు. పశువుల కొల్లాజెన్‌ను శుద్ధి చేసి, కాలిన గాయాల మీద, మానని పుండ్ల మీద వేసే పల్చటి పొరలు తయారు చేసిన్రు. అట్లాంటి పొరలు ఇప్పుడు ఆసుపత్రుల్లో సీలు వేసిన ప్యాకెట్లలో దొరుకుతయి. లందలో ఉన్నప్పుడు అంటు. ప్యాకెట్‌లో ఉన్నప్పుడు మందు. మైల పోవడానికి కావాల్సింది ఒక లేబుల్ అన్నమాట.

ఖరీదైన చర్మం

అమెరికాలో ఇంకా ముందుకు పోయిన్రు. ఆప్లిగ్రాఫ్ అనే ప్రయోగశాల చర్మానికి 1998లో అక్కడి ప్రభుత్వం సిరల పుండ్ల కోసం అనుమతి ఇచ్చింది. అందులో ఉండేది మనిషి జీవకణాలు, వాటికి పరుపుగా పశువుల కొల్లాజెన్. మళ్లీ తోలే! పరీక్షలో ఆరు నెలలకు ఈ చర్మం వేసినోళ్లలో 63 శాతం మందికి పుండు మానింది, వేయనోళ్లలో 49 శాతం మందికి. ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ పరీక్షలో రెండు పక్షాలకూ బిగుతు కట్టు కట్టిన్రు. అంత ఖరీదైన చర్మం కూడా కట్టు కిందనే పనిచేసింది.

తర్వాత జీవకణాలను పుండు మీద స్ప్రే కొట్టే మందు వచ్చింది. 2012లో 228 మంది మీద చేసిన రెండో దశ పరీక్ష ఆశ పుట్టించింది. మూడో దశలో అది తేలిపోయింది, 2014లో కంపెనీ పని ఆపేసింది. దాన్ని తప్పని నేను అనను. పరీక్ష ఉన్నదే అందుకు. ఆశ నిజమా కాదా తేల్చడానికి. పరీక్ష లేకుండా ఆ స్ప్రే మార్కెట్లోకి వస్తే, ఎకరం అమ్మి కొనేటోడు మనోడే.

కట్టును పరీక్షించింది ఎవరు?

కట్టుకు పేటెంటు లాభం తక్కువ. అందుకే కంపెనీలు దాని మీద పెద్ద పరీక్షలకు డబ్బు పెట్టవు. మరి ఎవరు పెట్టిన్రు?

1988లో లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రి వాళ్లు నాలుగు పొరల కట్టు గురించి అచ్చు వేసిన్రు. లోపల దూది లాంటి మెత్త, పైన క్రేప్ పట్టీ, దాని పైన సాగే పట్టీ, అన్నింటికంటే పైన తనకు తానే అతుక్కునే పట్టీ. చీలమండ దగ్గర దాదాపు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి. ఏ మందుకూ లొంగని 148 పుండ్లలో 110 పన్నెండు వారాల్లో మానినయి.

ఆ తర్వాత బ్రిటన్ ప్రభుత్వం ప్రజల సొమ్ముతో వీనస్ అనే పేరు మీద వరుస పరీక్షలు చేయించింది. మొదటిదాంట్లో 387 మంది. నాలుగు పొరల కట్టు కట్టినోళ్లలో సగం మందికి 92 రోజుల్లో మానితే, తక్కువ సాగే కట్టు కట్టినోళ్లలో సగం మందికి మానడానికి 126 రోజులు పట్టింది. 2009లో అచ్చయిన రెండోదాంట్లో పుండు శుభ్రం చేసే పురుగులను పరీక్షించిన్రు. పుండు తొందరగా శుభ్రమైంది గానీ తొందరగా మానలేదు, నొప్పి ఎక్కువైంది. 2011లో అల్ట్రాసౌండ్ చికిత్స, అదీ పనికి రాలేదు. 2014లో రెండు పొరల బిగుతు మేజోళ్లను నాలుగు పొరల కట్టుతో పోల్చిన్రు. 99 రోజులు, 98 రోజులు. దాదాపు సమానం. 2018లో ఎవ్రా అనే పరీక్షలో 450 మంది మీద, పాడైన సిరను ముందే మూసేస్తే సగం మందికి 56 రోజుల్లోనే మానుతదనీ, ఆలస్యం చేస్తే 82 రోజులు పడుతదనీ తేల్చిన్రు.

చూడండి, ఈ పరీక్షలు అడిగిన ప్రశ్నలు ఎంత సాదావో. ఏ కట్టు మేలు? మేజోడు సరిపోతదా? ఆపరేషన్ ఎప్పుడు చెయ్యాలె? ఇవి రోగి ప్రశ్నలు. ప్రజల సొమ్ము పెట్టినందుకే ప్రజల ప్రశ్నలకు జవాబు దొరికింది.

అంటే మా పెద్దమ్మకు పుండు పుట్టడానికి ముందే జవాబు ఉన్నది. ఆ జవాబు జనగామకు రాలేదు.

మన దగ్గర పరీక్ష అంటే

మన దగ్గర పరీక్ష అనంగనే ఎందుకు భయం? దానికీ చరిత్ర ఉంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన్రు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. అందులో ఎందరో హాస్టళ్లలో చదివే ఆదివాసీ, దళిత పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయిన్రు, మహిళా సంఘాలు నిలదీసినయి, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా చెడ్డదని కూడా నేను అనడం లేదు. ఇవాళ లోకంలో ఎన్నో దేశాలు ఇస్తున్న మంచి టీకా అది. కానీ విచారణలో ఒకటి బయటపడ్డది. చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. తల్లి లేదు, తండ్రి లేదు, వార్డెన్. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పు పట్టింది.

మన పిల్లల ఒంటి మీద మన తల్లిదండ్రుల మాట చెల్లలేదు. భయం అక్కడ పుట్టింది. తప్పు టీకాది కాదు, అడగకపోవడానిది.

ఆ పోరాటాల తర్వాతే, సుప్రీంకోర్టు మందలింపుల తర్వాతే, 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చినయి. పరీక్షలో దెబ్బ తగిలితే ఉచిత వైద్యం, పరిహారం. చదువు రాని మనిషి అయితే పక్షపాతం లేని సాక్షి ముందు చదివి వినిపించాలె. నైతిక కమిటీలో డాక్టర్లు కాని మామూలు మనిషి కూడా ఉండాలె. దేశంలో జరిగే ట్రయల్స్ 2009 నుంచి ఐసీఎంఆర్ రిజిస్ట్రీలో తప్పనిసరిగా నమోదు కావాలె. దాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. మీరు చూసిన్రా ఎప్పుడన్నా?

మూడు కాలేజీలు, మూడు పనులు

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు పుట్టినయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరుచుకున్నయి. ఎంజీఎంకు పోవడానికి పొద్దుగాల మొదటి బస్సు పట్టుకున్న జిల్లాలు ఇవి. మన పిల్లలు ఇప్పుడు ఆ కాలేజీల్లో తెల్లకోటు వేసుకొని తిరుగుతున్నరు. వాళ్లతోనే నా మాట.

ఒకటి. కట్టు కట్టడం నేర్చుకోండి. ముందు పాదం నాడి చూడండి, డాప్లర్ ఉంటే చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చండి. ధమని మూసుకుపోయిన కాలికి బిగుతు కట్టు కడితే కాలే పోతది. కాబట్టి ఇది చదివి ఎవరూ ఇంట్లో సొంతంగా బిగించి కట్టకండి. నేర్చిన చెయ్యి కట్టాలె. ఆ చెయ్యి ప్రతి పీహెచ్‌సీలో ఉండాలె.

రెండు. మన ప్రశ్నలు మనం అడగాలె. నాలుగు పొరల కట్టు లండన్ చలిలో పుట్టింది. మే నెలలో భూపాలపల్లి బొగ్గు దగ్గర ఆ కట్టుతో మనిషి ఎన్ని గంటలు ఉండగలడు? నాట్ల బురదలో దిగే ఆడమనిషి దాన్ని ఎట్ల కాపాడుకోవాలె? వారంలో ఒక కూలి రోజు పోగొట్టుకొని ఆసుపత్రికి రాలేని తండా మనిషికి ఏ కట్టు పనికొస్తది? మానిన పుండు మళ్లీ పడకుండా చెప్పు ఎట్ల ఉండాలె, మేజోడు ఎట్ల ఉండాలె? ఇవి నిజమైన పరిశోధన ప్రశ్నలు. వీటికి కొత్త అణువు అక్కర్లేదు. ఓపిక, లెక్క, నిజాయితీ కావాలె. ఈ మూడు కాలేజీలు కలిసి చేయగల పరీక్ష ఇది.

మూడు. పరీక్షలో మన మనుషులు చేరితే, ముందు మన భాషలో, మన వాడలో కూర్చొని చెప్పి చేర్చాలె. పరీక్ష అయిపోయినంక గెలిచిన కట్టు వాళ్లకే ముందు అందాలె. పరీక్షకు కాలు మనది, కట్టు ఇంకొకరిది అంటే కుదరదు. పరీక్షలు వద్దనడం మన దారి కాదు. వద్దంటే మా పెద్దమ్మ తొమ్మిదేండ్లు అట్లనే ఉంటది. అడిగి చెయ్యండి, మాకు పనికొచ్చేది చెయ్యండి, ఫలితం మాకు ఇవ్వండి. ఇదీ మన దారి.

పెద్దమ్మ పోయి రెండేండ్లు అయింది. పుండుతో పోలేదు. చివరి రోజుల్లో కాళ్లు చాపుకొని అరుగు మీద కూర్చొని, ఎడమకాలి నల్ల మచ్చను చేతితో రాస్తూ ఉండేది. చివరగా వచ్చిన పెండ్లిలో బంతి నడిమిట్ల కూర్చున్నది. "నా పక్కన జాగ ఉన్నది, రాండ్రి" అని ఆమే అందరినీ పిలిచింది.

మీ వాడలో ఇట్లాంటి కాలు ఒక్కటన్నా ఉంటది. పోయి చూడండి, పక్కన కూర్చోండి, పెద్దాసుపత్రికి తోలుకపోండి. మెడికల్ కాలేజీలో ఉన్న పిల్లలు ఏం చేయగలరో కింద రాయండి, ఒక జట్టు కడదాం.

వచ్చే భాగంలో లంద గురించే ఇంకొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

జై భీమ్.